ఏడీహెచ్‌డీకి ఏ మందు? ముందు మీ రోజులో ఏ గంటలు పాడవుతున్నాయో చూసుకోండి

మా ఇంట్లో ఒకే సమస్యకి, అంటే మనసు ఒకచోట నిలవక, కుదురుగా ఉండలేక, ఆగలేక ఇబ్బందిపెట్టే ఏడీహెచ్‌డీకి, రెండు రకాల మందులు నడుస్తున్నాయి. తొమ్మిదేళ్ల మా వాడికి పొద్దున టిఫిన్ అయ్యాక మిథైల్‌ఫెనిడేట్, ముప్పై ఎనిమిదేళ్ల నాకు రాత్రి అన్నం తిన్నాక అటమాక్సెటిన్. తెనాలి నుంచి మా అత్తయ్య ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట: "ఇద్దరికీ అదే జబ్బంటావు, మందు మాత్రం వేరంటావు, ఆ డాక్టరు తెలిసే రాస్తున్నాడంటావా అమ్మా?" మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత ఆలోచిస్తే ఆవిడ అడిగింది నేను మొదటి రోజు డాక్టర్ని అడిగినదానికన్నా చాలా నయమైన ప్రశ్న. నేను అడిగింది "వీటిల్లో పవర్‌ఫుల్ ఏది డాక్టర్?" అని. ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటే ఎటూ తేలదని తెలియడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది.

నేను డాక్టర్ని కాదు, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసుకునేదాన్ని. ఇవన్నీ సైకియాట్రిస్టు చీటీ లేకుండా ముట్టుకోకూడని మందులు. ఇది చదివి ఎవరూ మందు మార్చుకోవద్దు, మోతాదు పెంచుకోవద్దు. డాక్టర్ గదిలో మనకి దొరికే పది పదిహేను నిమిషాల్లో ఏం అడగాలో తెలిస్తే ఆ టైమ్ వృథా కాదు కదా, అందుకు చదవండి. ఇంకా ఏడీహెచ్‌డీ ఉందో లేదో తేలనివాళ్లు ముందు ఆ పని చూసుకోండి. దానికి రక్త పరీక్ష లేదు, స్కానింగ్ లేదు. పన్నెండేళ్లలోపే లక్షణాలు మొదలయ్యాయా, ఇంట్లోనూ బడిలోనూ రెండుచోట్లా కనిపిస్తున్నాయా, ఆరు నెలలుగా ఉన్నాయా అని అడిగి తెలుసుకుని చెప్పేదే. "బ్రెయిన్ మ్యాపింగ్ చేసి చెప్తాం" అని వేలకి వేలు అడిగేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. థైరాయిడ్, రక్తహీనత, చెవుడు, చూపు, నిద్రలో గురకపెట్టి ఊపిరాడకపోవడం, వీటివల్ల కూడా మనసు నిలవదు కాబట్టి వాటిని చూపించుకోవడం మాత్రం మంచిదే.

మెదడులో గొడవ ఏంటంటే

"డోపమైన్ తక్కువైంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు చాలామంది. ఒంట్లో ఐరన్ తగ్గితే మాత్రలేసి నింపినట్టు డోపమైన్ నింపేయడం కాదిది. నుదుటి వెనక ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అని ఒక భాగం ఉంటుంది, చేస్తున్న పని మీద మనసు నిలపడం, నోటికొచ్చింది అనేయకుండా ఆగడం, ఇందాక దేనికి ఈ గదిలోకి వచ్చానో గుర్తుంచుకోవడం అన్నీ దాని పనులు. ఆ భాగం రెండు రసాయనాల మీద బాగా ఆధారపడుతుంది, డోపమైన్ ఒకటి, నార్‌ఎపినెఫ్రిన్ ఇంకోటి.

మా తాతయ్య రేడియోలో విజయవాడ కేంద్రం పట్టుకునేటప్పుడు చూసేదాన్ని. ముల్లు ఇంచి ఇంచీ తిప్పుతారు, వార్తలు చదివే గొంతు పైకి రావాలి, వెనక గరగర తగ్గాలి. ఈ రెండూ వేరువేరు పనులు. యేల్ విశ్వవిద్యాలయంలో ఏమీ ఆర్న్‌స్టెన్ అనే శాస్త్రవేత్త ఏళ్ల తరబడి చేసిన పని దాదాపు ఇదే చెప్తుంది. నార్‌ఎపినెఫ్రిన్ ఆల్ఫా-2ఏ అనే రిసెప్టర్ (కణం మీద రసాయనం వచ్చి అతుక్కునే చోటు) మీద పనిచేసి కావాల్సిన గొంతుని పెంచుతుంది, డోపమైన్ డీ1 అనే రిసెప్టర్ ద్వారా అక్కర్లేని గరగరని తగ్గిస్తుంది. అయితే ఇది వంటలో ఉప్పు లాంటిది. తక్కువైతే చప్పన, ఎక్కువైతే నోట్లో పెట్టుకోలేం. పరీక్ష హాల్లో టెన్షన్ ఎక్కువై బాగా వచ్చిన జవాబు కూడా ఎగిరిపోతుంది చూశారా, అప్పుడు ఈ రసాయనాలు తగ్గి కాదు, మరీ పొంగిపోయి.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, నీట్ కోచింగ్ పిల్లలు కొందరు ఏ సమస్యా లేకుండానే "ఫోకస్ మాత్ర" అని ఇవి సంపాదించి మింగుతున్నారని వింటున్నాం. 2023లో వచ్చిన ఒక అధ్యయనంలో ఏడీహెచ్‌డీ లేని 40 మందికి మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులిచ్చి చిక్కు లెక్కలు చేయిస్తే, ఎక్కువసేపు కష్టపడ్డారు, ఎక్కువ ఎత్తులు వేశారు, కానీ ఆ కష్టంలో నాణ్యత తగ్గింది. ఉప్పు సరిపోయిన కూరలో ఇంకో చెంచా వేసినట్టు.

ఇక మందుల సంగతి. మెదడు కణం డోపమైన్‌ని బయటకి వదిలాక, దాన్ని మళ్లీ లోపలికి లాగేసుకునే మోటారు లాంటిది ఒకటి ఉంటుంది. మిథైల్‌ఫెనిడేట్ ఆ మోటారుకి అడ్డం పడుతుంది, డోపమైన్ మోటారుకీ నార్‌ఎపినెఫ్రిన్ మోటారుకీ రెండిటికీ. వదిలిన రసాయనం కాసేపు ఎక్కువ నిలబడుతుంది, అంతే. అమెరికాలో ఎక్కువగా వాడే యాంఫెటమిన్ రకం మందులు మోటారుని ఆపడంతో సరిపెట్టుకోవు, కణం లోపలికెళ్లి నిల్వ ఉన్నదాన్ని కూడా బయటకి తోస్తాయి. అటమాక్సెటిన్ నార్‌ఎపినెఫ్రిన్ మోటారుని మాత్రమే ఆపుతుంది. ఇక్కడే నాకు భలే నచ్చిన విషయం ఒకటుంది. నుదుటి వెనక భాగంలో డోపమైన్ మోటార్లు చాలా తక్కువ, అక్కడ డోపమైన్‌ని కూడా నార్‌ఎపినెఫ్రిన్ మోటారే లాగేస్తుంటుంది. దాన్ని ఆపితే అక్కడ రెండూ పెరుగుతాయి. కానీ మెదడు లోతుల్లో, "ఇంకా కావాలి" అనిపించే చోట డోపమైన్ పెరగదు. అందుకే అటమాక్సెటిన్ వేసుకుంటే ఏ కిక్కూ ఉండదు, దానికి అలవాటు పడతామన్న భయమూ లేదు. కొన్నిసార్లు రాసే మూడో మందు క్లోనిడిన్ దారి వేరు, అది మోటార్ల జోలికి పోకుండా నేరుగా ఆల్ఫా-2 రిసెప్టర్ల మీద పనిచేస్తుంది.

అసలు పోలిక గడియారంతో

ఇప్పుడు అత్తయ్య ప్రశ్నకి వస్తాను. మావాడికీ నాకూ మెదడులో గొడవ ఒకలాంటిదే కావచ్చు, కానీ పాడవుతున్న గంటలు వేరు. వాడికి పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా, అంటే బడి. నాకు పొద్దున లేవడం దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా అన్నీ కొంచెం కొంచెంగా పాడు. గ్యాస్ మీద పాలు పొంగడం, ఆఫీసులో సగం రాసిన మెయిల్, ఎనిమిదింటికి గుర్తొచ్చే కరెంటు బిల్లు. మిథైల్‌ఫెనిడేట్‌కి, అటమాక్సెటిన్‌కి మధ్య అన్నిటికన్నా పెద్ద తేడా ఆ గడియారమే.

మామూలు మిథైల్‌ఫెనిడేట్ మాత్ర అరగంట నుంచి గంటలోపు పని మొదలుపెట్టి మూడు నాలుగు గంటల్లో దిగిపోతుంది. నెమ్మదిగా విడుదలయ్యే రకం ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఇంకా పొడవైన రకాలు పది పన్నెండు గంటల దాకా ఉంటాయి. పనిచేస్తోందా లేదా అన్నది చాలాసార్లు మొదటి వారంలోనే తెలిసిపోతుంది. నచ్చకపోతే ఆపితే మర్నాటికి ఒంట్లో ఉండదు. ఇది నాకు చాలా ధైర్యమిచ్చిన సంగతి, ఎందుకంటే పిల్లాడికి మొదటిసారి ఇచ్చేటప్పుడు చెయ్యి వణికింది, నిజం చెప్తున్నా.

మా వాడి కథ ఇలా నడిచింది. మొదట మామూలు మాత్ర, పొద్దున ఎనిమిదింటికి. మొదటి వారంలోనే టీచరమ్మ డైరీలో "ఈరోజు నోట్సు పూర్తిగా రాశాడు" అని రాసింది, మూడేళ్లలో మొదటిసారి. కానీ పన్నెండింటికల్లా మందు దిగిపోయేది, మధ్యాహ్నం క్లాసులన్నీ పాతకథే. రెండో మాత్ర బడిలో ఇమ్మంటే "మేం మందులివ్వం మేడమ్" అన్నారు. దాంతో డాక్టర్ పొడవైన రకానికి మార్చారు. బడి గంటలు సర్దుకున్నాయి, ఇప్పుడు క్యారేజీ వెనక్కి రావడం మొదలైంది. పొద్దున కట్టిన పప్పన్నం సాయంత్రం అలాగే, మూత కూడా తీయకుండా. ఈ మందుతో అందరికీ తెలిసిన ఇబ్బంది అదే, ఆకలి చచ్చిపోతుంది. మేం చేసింది ఏంటంటే, మాత్ర పడకముందే బరువైన టిఫిన్, నెయ్యేసిన ఇడ్లీలకి పెసరట్టో గుడ్డో తోడు చేసి. క్యారేజీలో వాడు చేత్తో తినేసేవి రెండే పెట్టి, అసలు భోజనం సాయంత్రం ఆరింటికి, ఆకలి తిరిగొచ్చాక. నాలుగింటికి మందు దిగేటప్పుడు ఇంకో అరగంట గండం ఉంటుంది, పెన్సిల్ ముల్లు విరిగిందని వెక్కి వెక్కి ఏడ్చిన రోజులున్నాయి. ఆ అరగంటలో హోంవర్క్ మాటెత్తకూడదని మాకు మేమే నేర్చుకున్నాం.

ఈ మందు మొదలుపెడితే నిద్ర, నాడి, బీపీ, బరువు, ఎత్తు చూస్తూ ఉండాలి. పదేళ్లలోపు పిల్లలకి బరువు మూడు నెలలకోసారి, ఎత్తు ఆరు నెలలకోసారి అయినా. కొంతమంది పిల్లల్లో ఎత్తు పెరగడం కొద్దిగా తగ్గుతుంది, అందుకే ఆ లెక్క రాసిపెట్టుకోవాలి. గుండె జబ్బులున్న ఇళ్లవాళ్లు, చిన్న వయసులోనే ఎవరైనా హఠాత్తుగా పోయిన ఇళ్లవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కి ముందే చెప్పాలి. ఇంకో చిన్నమాట, పొడవైన రకం మాత్రని నమలకూడదు, పొడిచేసి తేనెలో కలపకూడదు. రోజంతా రావాల్సిన మందు ఒక్కసారే దిగుతుంది.

నా కథ దీనికి పూర్తిగా వేరు. వాడికి రాసిన ఫారాల్లో ప్రశ్నలు చదువుతూ చదువుతూ "ఇది నా గురించేగా" అనుకుని నేను కూడా చూపించుకున్నాను. (అమ్మకి చెప్తే "నువ్వే కాదు, మీ నాన్న కూడా అంతే, పెళ్లికి ఒక రోజు ముందు ఉంగరం ఎక్కడో పెట్టి మర్చిపోయారు" అంది. ఏడీహెచ్‌డీలో వంశపారంపర్యం పాలు దాదాపు 70 నుంచి 80 శాతం అని కవలల మీద చేసిన అధ్యయనాలు చెప్తాయి, కాబట్టి పిల్లాడికి తేలాక తల్లిదండ్రుల్లో ఒకరికి తేలడం మామూలే.) నాకు చిన్నప్పట్నుంచి గాభరా ఎక్కువ. మిథైల్‌ఫెనిడేట్ వేసి చూశాం, మనసు నిలిచింది కానీ గుండె దడ, అరచేతుల్లో చెమట, రాత్రి రెండింటికి కూడా సీలింగ్ ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టుకుంటూ పడుకోవడం. గాభరా ఉన్నవాళ్లందరికీ ఇలా కావాలని లేదు, కొందరికి మనసు కుదురుకుని గాభరా కూడా తగ్గుతుంది. నాకు కాలేదు. అందుకని అటమాక్సెటిన్.

ఇది నెమ్మది మనిషి. మొదటి నెల దాదాపు ఏమీ తెలియదు, పూర్తి ఫలితానికి నాలుగు నుంచి ఆరు వారాలు, కొందరికి పన్నెండు వారాల దాకా. చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు, "వేస్టండీ ఆ మందు" అంటారు, అప్పటికి మూడు వారాలే అయ్యుంటుంది. రోజూ వేసుకోవాలి, ఆదివారం సెలవు కుదరదు. మొదట్లో పొద్దున వేసుకుంటే కడుపులో తిప్పేది, ఆఫీసు క్యాబ్‌లో రెండుసార్లు దించమని అడిగాను. డాక్టర్ రాత్రి భోజనం తర్వాతకి మార్చాక అది పోయింది. నోరెండడం, నిద్రమత్తు, మగవాళ్లకి మూత్రం తేలిగ్గా రాకపోవడం లాంటివి ఉంటాయి. లివర్‌కి హాని అరుదుగా, కళ్లు పచ్చబడితే వెంటనే వెళ్లాలి. పిల్లలకీ టీనేజీవాళ్లకీ మొదటి వారాల్లో మనసు దిగాలుగా ఉందా, చావు మాటలు మాట్లాడుతున్నారా అని కనిపెట్టుకుని ఉండాలి, మందు సమాచార కాగితంలోనే ఆ హెచ్చరిక ఉంటుంది. క్యాప్సూల్ విప్పకూడదు, లోపలి పొడి కంట్లో పడితే మండుతుంది.

ఒక విషయం మాత్రం డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. అటమాక్సెటిన్‌ని లివర్‌లో సీవైపీ2డీ6 అనే ఎంజైమ్ కరిగిస్తుంది. మామూలువాళ్లలో ఐదు గంటల్లో సగానికి తగ్గే మందు, ఆ ఎంజైమ్ బలహీనంగా పుట్టినవాళ్లలో సగం తగ్గడానికి ఇరవై గంటల పైనే పడుతుంది. డిప్రెషన్‌కి ఫ్లూక్సెటిన్, పారాక్సెటిన్ వాడుతున్నవాళ్లలో కూడా ఆ మందులు ఈ ఎంజైమ్‌ని ఆపేస్తాయి కాబట్టి అదే పరిస్థితి, చిన్న మోతాదే పెద్దదవుతుంది.

ఇక బలం మాటకొస్తే, ముఖ్యంగా పిల్లల్లో, సగటున మిథైల్‌ఫెనిడేట్‌దే పైచేయి. 2018లో లాన్సెట్ సైకియాట్రీలో వచ్చిన పెద్ద విశ్లేషణ పిల్లలకి మొదటి మందుగా మిథైల్‌ఫెనిడేట్‌ని, పెద్దవాళ్లకి యాంఫెటమిన్ రకాన్ని సూచించింది, అది కూడా తక్కువ కాలం వాడకానికి ఉన్న ఆధారాల మీద. కానీ సగటు అనేది నేను కాదు. నాకు ఇప్పుడు గొప్ప ఫోకస్ ఏమీ రాలేదు, పాలు మాత్రం పొంగట్లేదు, అంటే పొంగేలోపు గుర్తొస్తోంది.

క్లోనిడిన్ గురించి క్లుప్తంగా. ఇది బీపీ మందు. నిద్ర అసలు పట్టని పిల్లలకి, కోపం, దూకుడు ఎక్కువున్నవాళ్లకి, కళ్లు ఆర్పడం, భుజం ఎగరేయడం లాంటి టిక్స్ ఉన్నవాళ్లకి తోడు మందుగానో, మిగతావి పడనప్పుడో రాస్తారు. మత్తు, బీపీ తగ్గడం ఉంటాయి. దీన్ని మాత్రం చటుక్కున ఆపకూడదు, బీపీ ఎగదన్నుతుంది. ఊరెళ్తూ మర్చిపోయే అలవాటున్న ఇంట్లో ఇది ఆలోచించాల్సిన సంగతే (మా ఇల్లు అలాంటిదే).

షాపులో

మిథైల్‌ఫెనిడేట్ 1985 నాటి ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టం జాబితాలో ఉన్న మందు. మొదటి చీటీ పట్టుకుని ఇంటి దగ్గర షాపుకెళ్తే కౌంటర్లో కుర్రాడు చీటీ చూసి, నన్ను చూసి, లోపలికెళ్లి ఓనర్ని పిలుచుకొచ్చాడు. ఆయన కళ్లజోడు పైకి పెట్టుకుని "ఇది ఎవరికమ్మా?" అన్నాడు. మా అబ్బాయికి అన్నాను. "చిన్నపిల్లాడికా!" అని పక్కనున్న ఇద్దరూ తిరిగి చూసేలా అన్నాడు. "మేం స్టాక్ పెట్టం" అని చెప్పి పంపేశాడు. నాలుగో షాపులో దొరికింది, అక్కడ చీటీ వెనక ముద్రేసి, తేదీ, ఎన్ని మాత్రలిచ్చారో రాసి, జిరాక్స్ ఒకటి ఉంచుకున్నారు. అప్పట్నుంచి నేను చీటీ మీద తేదీ, మందు రసాయన పేరు, మోతాదు, ఎన్ని రోజులకో స్పష్టంగా రాయించుకుంటాను, ఆసుపత్రిలోని షాపులోనే కొంటాను, పది మాత్రలు మిగిలుండగానే మళ్లీ వెళ్తాను. మన దగ్గర ఇన్‌స్పైరల్, యాడ్‌వైజ్ లాంటి పేర్లతో వస్తుంది. అటమాక్సెటిన్‌కి, అంటే ఆక్సెప్టా, అటెంట్రాల్ లాంటివాటికి, ఈ తిరుగుడు లేదు, చీటీ ఉంటే చాలు. చిన్న ఊళ్లో ఉండి, నెలనెలా జిల్లా కేంద్రానికి బస్సెక్కాల్సిన వాళ్లకి ఇది చిన్న తేడా కాదు, మందు ఎంత మంచిదైనా నెలలో పది రోజులు దొరక్కపోతే ఏం లాభం.

అమెరికా నుంచి తిరిగొస్తున్నవాళ్లకి ప్రత్యేకంగా చెప్పాలి. యాడెరాల్, వైవాన్స్ అనే యాంఫెటమిన్ రకం మందులు మన దేశంలో ఏ షాపులోనూ దొరకవు. డల్లాస్‌లో ఉండే మా పిన్ని కూతురు పిల్లలతో వచ్చేసి ఇక్కడే స్థిరపడదామనుకున్నప్పుడు అక్కడి డాక్టర్ దగ్గరే రెండు నెలల ముందు మిథైల్‌ఫెనిడేట్‌కి మారి చూసుకుంది. అలా చేయడం తెలివైన పని, వచ్చాక సీసా అయిపోయిన రోజు వెతుక్కోవడం కన్నా. సంక్రాంతి సెలవులకి వచ్చేవాళ్లు సైతం, ఎంత తెచ్చుకోవచ్చో, ఏ కాగితాలు కావాలో బయల్దేరే ముందే కనుక్కోండి. దుబాయ్ మీదుగా వస్తుంటే అక్కడి నియమాలు కూడా, ఎందుకంటే అక్కడ ఇవి ఇంకా గట్టి నియంత్రణలో ఉంటాయి.

మందు లేకుండా కుదరదా

కుదురుతుంది, కొందరికి. ఆరేళ్లలోపు పిల్లలకి మొదట మందు కాదు, తల్లిదండ్రులకి శిక్షణ. పిల్లాడికి ఒక్కసారి ఒక్కమాటే చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం, రోజూ అదే వరస పాటించడం. తేలిగ్గా ఉన్న సమస్యకి పెద్ద పిల్లల్లోనూ ముందు ఇదే చూడొచ్చు. కానీ చదువు దెబ్బతిని, రోడ్డు మీదకి పరిగెత్తి, బడి మారుస్తూ పోతున్న పిల్లాడికి "ఇంకో ఏడాది చూద్దాం" అనడం నాకు నచ్చదు, మేం అలా రెండేళ్లు పోగొట్టుకున్నాం.

అత్తయ్య సరస్వతీ లేహ్యం పంపారు, సరస్వతి ఆకు పచ్చడి కూడా. పచ్చడి బాగుంది, తిన్నాం. వస పోస్తే మాటలొస్తాయన్న ఊళ్లో పుట్టి, వాగుడెక్కువైతే "వసపిట్ట" అనిపించుకున్నదాన్ని నేనే, కాబట్టి ఆవిడ మీద కోపం లేదు. కానీ మందు మానేసి లేహ్యం పెట్టమంటే ఒప్పుకోను. చేప నూనె మాత్రలకి ప్రభావం ఉన్నా బాగా తక్కువ. కాఫీ అడెనోసిన్ అనే రసాయనానికి అడ్డుపడి మేలుకొలుపుతుంది, అది వేరే దారి, నేను నాలుగు కప్పులతో ఇరవై ఏళ్లు నెట్టుకొచ్చిన దారి.

ఒక పాత అధ్యయనం గురించి చెప్పకుండా ఉండలేను. అమెరికాలో 579 మంది పిల్లల్ని నాలుగు గుంపులు చేసి 14 నెలలు నడిపిన ఎంటీఏ అనే పెద్ద పరిశోధన ఫలితాలు 1999లో వచ్చాయి. ఒక గుంపుకి మందు, ఒక గుంపుకి శిక్షణ, ఒక గుంపుకి రెండూ. జాగ్రత్తగా మందు నడిపిన పిల్లలకీ, మందుతో పాటు శిక్షణ కూడా ఇచ్చినవాళ్లకీ ముఖ్య లక్షణాలు బాగా తగ్గాయి. అందరూ ఎత్తి చూపేది ఇదే. నాకు ఆసక్తిగా అనిపించింది ఇంకోటి. నాలుగో గుంపు పిల్లలు తమ ఊళ్లో డాక్టర్ల దగ్గరికి వెళ్లారు, వాళ్లలో మూడింట రెండొంతుల మంది కూడా మందే వాడారు, అయినా అంత బాగుపడలేదు. తేడా ఎక్కడుందంటే, అధ్యయనంలో పిల్లలకి మోతాదు జాగ్రత్తగా వెతికారు, రోజుకి మూడుసార్లు ఇచ్చారు, నెలనెలా చూశారు. ఊళ్లో పిల్లలకి ఎక్కువగా రెండుసార్లే, అంటే మధ్యాహ్నం తర్వాత గంటలు ఖాళీ. మందు, శిక్షణ రెండూ ఇచ్చినవాళ్లకి తక్కువ మోతాదుతోనే సరిపోయింది కూడా. మూడేళ్లయ్యాక గుంపుల మధ్య తేడాలు కరిగిపోయాయి, అది కూడా చెప్పాలి. అంటే మొదటి ఏడాది బాగా నడిచిందని తర్వాత చూసుకోకుండా వదిలేస్తే లాభం లేదు. అందుకే నన్నడిగితే మందుని ఎంచుకోవడం కన్నా, మొదటి మూడు నెలలు రెండు మూడు వారాలకోసారి చూడటానికి ఒప్పుకునే డాక్టర్ని ఎంచుకోవడం ముఖ్యం. పెద్ద పేరుండి ఆరు నెలలకి గానీ అపాయింట్‌మెంట్ దొరకని చోటు కన్నా, ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలోనో, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలోనో ఓపీలో మళ్లీ మళ్లీ చూపించుకోవడం మేలు కావచ్చు. ఎక్కడికెళ్లాలో కూడా తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

ఎంచుకునే ముందు ఇంట్లో చేయాల్సిన పని ఒకటుంది, ఖర్చు లేనిది. పాత నోట్‌బుక్‌లో పేజీకి అడ్డంగా గీతలు గీసి పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా గంటలు రాయండి. రెండు వారాలు, ఏ గంటలో ఏం పాడైందో రెండు ముక్కలు. తిండి, నిద్ర ఒక పక్కన. పాడవుతున్నవి బడి గంటలు లేదా ఆఫీసు గంటలు అయితే, వేగంగా తేలాలనుకుంటే, మిథైల్‌ఫెనిడేట్ వైపు మాట్లాడండి, మాత్ర ఎంత పొడవుదో ఆ పేజీయే చెప్తుంది. రోజంతా కొద్దికొద్దిగా పాడైతే, లేదా గాభరా, టిక్స్, నిద్రలేమి తోడైతే, లేదా ఇంట్లో ఎవరికైనా మత్తుమందుల అలవాటుండి మాత్రలు భద్రంగా ఉంచలేమనుకుంటే అటమాక్సెటిన్ గురించి అడగండి, రెండు నెలలు ఓపిక పట్టగలిగితేనే. పాడవుతున్నది ఒక్క పడుకునే వేళే అయితే క్లోనిడిన్ మాట ఎత్తొచ్చు, ముందు ఫోన్ చేతిలోంచి తీసేశాక. పిల్లలు కనాలనుకునేవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు, పాలిస్తున్నవాళ్లు ఏ మందైనా మొదలుపెట్టే ముందే ఆ సంగతి చెప్పాలి.

పోయిన నెల మా వాడి పేజీ డాక్టర్ ముందు పెట్టాను. పొద్దున గళ్లన్నీ ఖాళీ, నాలుగు నుంచి ఆరు మధ్య మాత్రం గజిబిజి రాతలు. సాయంత్రానికి ఇంకో చిన్న మాత్ర అడుగుదామని మనసులో నిశ్చయించుకునే వెళ్లాను. ఆయన ఆ రెండు గళ్ల మీద పెన్ను పెట్టి "ఈ టైమ్‌లో ఇంట్లో ఎవరుంటారమ్మా?" అన్నారు. మామయ్యగారుంటారు అన్నాను. "సైకిల్ ఉందా?" అన్నారు. ఉంది, గాలి లేదు. ఇప్పుడు నాలుగున్నరకి మామయ్యగారూ వాడూ కాలనీ పార్కు చుట్టూ తిరుగుతున్నారు, ఆయన నడుస్తూ, వీడు ముందుకెళ్లి మళ్లీ వెనక్కొస్తూ. ఆరింటికి ఇంటికొచ్చి చెయ్యి కూడా కడుక్కోకుండా పెరుగన్నం అడుగుతున్నాడు.